వాకిట్లో రాజుకునే పొగ

డిసెంబరులో తెల్లవారుజామున అయిదున్నరకు కర్నూలులో హంద్రీ ఒడ్డు వీధుల్లో నడిస్తే, అక్కడక్కడా వాకిళ్ళలో నీళ్ళ పొయ్యిలు కనిపిస్తాయి. మూడు రాళ్ళు, వాటి మీద మసిపట్టిన అండా, కింద కంప పుల్లలు. రాత్రి మంచుకు పుల్లలు నెమ్ము పట్టి ఉంటాయి కాబట్టి ఒక పట్టాన అంటుకోవు. అందుకని పాలప్యాకెట్ కవరో, తెగిపోయిన రబ్బరు చెప్పో, పగిలిన ప్లాస్టిక్ బకెట్ ముక్కో అడుగున పెట్టి అగ్గిపుల్ల గీస్తారు. రెండు నిమిషాల్లో మంట లేస్తుంది. నల్లటి పొగ చూరు ఎత్తు దాకా లేచి, అక్కడి నుంచి పైకి పోకుండా వీధంతా అడ్డంగా పరుచుకుంటుంది. అనంతపురం పాత ఊళ్ళోనూ, కడప శివారు కాలనీల్లోనూ చలికాలం పొద్దున చాలా వీధుల్లో ఇదే వాసన.

ఊరి గాలి గురించి మాట వచ్చినప్పుడు ఈ పొయ్యి సాధారణంగా ఎవరికీ గుర్తు రాదు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. ముద్దనూరు దగ్గర బొగ్గుతో నడిచే 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (ఆర్‌టీపీపీ) గుర్తొస్తుంది. 44వ జాతీయ రహదారి మీద లారీలు, బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పాలిష్ యూనిట్ల నుంచి లేచే తెల్లపొడి గుర్తొస్తాయి. వాటిని అదుపులో పెట్టడం ప్రభుత్వం చేయాల్సిన పని, అది చేయమని అడగడం జనం చేయాల్సిన పని. ఇళ్ళలో నాలుగు అలవాట్లు మారినంత మాత్రాన ఆ లెక్క తీరిపోదు. అయినా ఇంటి పొగను విడిగా చూడాల్సిన కారణం ఒకటుంది. ఆ పొగకూ ఊపిరితిత్తులకూ మధ్య దూరం చాలా తక్కువ.

2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. వరుసగా అయిదేళ్ళు గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేని నగరాలను అందులో చేర్చారు. ఆంధ్రప్రదేశ్ నుంచి 13 నగరాలున్నాయి. కర్నూలు మొదటి జాబితాలోనే ఉంది, అనంతపురం, కడప తర్వాత చేరాయి. దేశంలో 2009 నుంచి అమల్లో ఉన్న ప్రమాణం ప్రకారం ఘనమీటరు గాలిలో పీఎం 10 అనే సన్నని కణాలు ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు, అంతకంటే సన్నని పీఎం 2.5 కణాలు 40 మైక్రోగ్రాములు మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన మార్గదర్శకాలను ఇంకా కఠినం చేసి పీఎం 10కి 15, పీఎం 2.5కి 5 అని పెట్టింది. అంటే మన ప్రమాణం లోపల ఉన్న గాలి కూడా పూర్తిగా మంచిదని అనుకోవడానికి లేదు.

ఈ రెండు రకాల కణాల తేడా సీమ ఊళ్ళకు చాలా ముఖ్యం. పీఎం 10 అంటే 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలన్నీ. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్ల దాకా ఉంటుందనుకుంటే ఇవి ఎంత చిన్నవో తెలుస్తుంది. వీటిలో పెద్దవి ఎక్కువగా మట్టి, రోడ్డు దుమ్ము, సున్నపు పొడి. ముక్కు, గొంతు దగ్గర చాలావరకు ఆగిపోతాయి, తుమ్మో దగ్గో వచ్చి బయటపడతాయి. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి. ఈ కణాలు ఎక్కువగా ఏదో ఒకటి కాలడం వల్ల పుడతాయి. ఇవి తుమ్ము కూడా తెప్పించకుండా ఊపిరితిత్తుల అడుగు దాకా పోతాయి, వాటిలో మరీ చిన్నవి రక్తంలోకీ చేరతాయి. గుండెజబ్బు, పక్షవాతం, పిల్లల్లో న్యుమోనియా, బీడీ సిగరెట్ ముట్టని ఆడవాళ్ళకు కూడా వచ్చే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి, వీటన్నిటి ముప్పునూ ఈ కణాలు పెంచుతాయి.

దుమ్ము విషయంలో సీమ చేతిలో ఉన్నది కొంచెమే. అనంతపురంలో ఏడాదికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు, దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. రాయదుర్గం వైపు హగరి పరీవాహకంలో, కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఇసుక మేటలు పొలాల మీదికి వచ్చిన ఊళ్ళున్నాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలికి బయలు నేలల మట్టి లేచి మిద్దెల మీద, మంచాల మీద, బోకుల మీద పడుతూనే ఉంటుంది. దీన్ని ఏ ఇల్లూ ఒంటరిగా ఆపలేదు. పొగ అలాంటిది కాదు. దాన్ని ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీసి పుట్టించాలి. కాబట్టి ఒక కుటుంబం తన చేతిలో ఉన్న పని దేని మీద పెట్టాలి అంటే, మొదట పొగ మీదనే పెట్టాలి.

ఇక దూరం సంగతి. భారతదేశంలో పల్లె వంటిళ్ళ పొగను 1980ల నుంచి కొలిచి చూసిన శాస్త్రవేత్త కిర్క్ స్మిత్ ఒక స్థూల లెక్క చెప్పేవారు. ఇంటి లోపల విడుదలైన కాలుష్య కణం ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోకి చేరే అవకాశం, బయట విడుదలైన కణంతో పోలిస్తే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ అని. ఆకాశాన్నంటే చిమ్నీ నుంచి వచ్చే పొగ నేలకు దిగేలోపు కొన్ని మైళ్ళ గాలిలో కలిసి పలచబడుతుంది. దాని మొత్తం ఎక్కువ కాబట్టి ఆ హాని తక్కువేమీ కాదు. కానీ వాకిట్లో పొయ్యి పొగకు పలచబడే అవకాశమే ఉండదు. పొయ్యి ముందు కూర్చున్న అవ్వ, పక్కనే చలి కాచుకునే పిల్లవాడు, ఎదురింటి కిటికీ, అంతే దాని ప్రయాణం. 2019లో దేశంలో వాయు కాలుష్యం వల్ల దాదాపు 16.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా. అందులో దాదాపు 6 లక్షల మరణాలు ఇంటి లోపలి వంటచెరకు పొగ ఖాతాలోవి.

తెల్లవారుజామున దీనికి వాతావరణం కూడా తోడవుతుంది. పగలు వేడెక్కిన నేల రాత్రికి ఆ వేడిని వదిలేస్తుంది. మబ్బు, తేమ తక్కువగా ఉండే మన ప్రాంతంలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. తెల్లవారేసరికి నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైపొర కాస్త వెచ్చగా ఉంటుంది. చల్లగాలి బరువు, పైకి లేవదు. వెచ్చటి పొర దాని మీద మూతలా కూర్చుంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కేదాకా, అంటే ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా ఆ మూత తొలగదు. మధ్యాహ్నం మూడింటికి అయితే చెదిరిపోయే పొగ పొద్దున ఆరింటికి వీధిలోనే నిలబడిపోవడానికి కారణం ఇదే. నీళ్ళ పొయ్యిలు రాజుకునేది, పిల్లలు బడికి బయల్దేరేది, పెద్దలు వాకింగ్‌కు పోయేది, అన్నీ ఆ మూత కిందనే.

స్నానానికి నీళ్ళు

ఇళ్ళలో గ్యాస్ ఉన్నా నీళ్ళ పొయ్యి ఎందుకు పోలేదు? దీనికి సమాధానం అలవాటు ఒక్కటే అనుకుంటే పొరపాటు. లెక్క వేస్తే తెలుస్తుంది. 20 లీటర్ల బకెట్ నీటిని 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడి చేయడానికి గ్యాస్ స్టవ్ మీద సుమారు 75 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. నలుగురున్న ఇంట్లో తలా ఒక బకెట్ అనుకుంటే రోజుకు 300 గ్రాములు. 14.2 కిలోల సిలిండర్ ఒక్క స్నానాలకే 47 రోజుల్లో అయిపోతుంది. ఉజ్వల పథకం 2016లో వచ్చి కనెక్షన్లు పెంచింది, 2024 దీపావళి నుంచి రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. మంచిదే. కానీ ఆ మూడూ వంటకే చాలనప్పుడు ఏ తల్లీ వాటిని స్నానానికి వాడదు. ఊరి బయట సర్కారు తుమ్మ ఊరికే దొరుకుతుంటే మరీను.

కరెంటు లెక్క వేరుగా ఉంటుంది. అదే బకెట్‌కు హీటర్ కడ్డీతో అయ్యేది దాదాపు 0.6 యూనిట్. నలుగురికి రోజుకు రెండున్నర యూనిట్లు. ఇది కూడా ఖర్చే, అయినా చలికాలం రెండున్నర నెలలే అనుకుంటే చాలా ఇళ్ళకు అందుబాటులోనే ఉంటుంది. ఆ కరెంటు ఆర్‌టీపీపీలో బొగ్గు కాల్చితేనే కదా వచ్చేది అనే ప్రశ్న న్యాయమైనదే. పైన చెప్పిన దూరం లెక్కే దానికి జవాబు. బడికి పోయే పిల్లవాడి మొహం మీద పొగ లేకుండా పోతుంది. పైగా ఓర్వకల్లు, పాణ్యం మధ్య వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న నేల ఇది, కరెంటులో బొగ్గు వాటా తగ్గే కొద్దీ ఆ లెక్క ఇంకా మెరుగవుతుంది. సొంత మిద్దె ఉన్నవాళ్ళకు సోలార్ వాటర్ హీటర్ సీమ ఎండకు సరిగ్గా సరిపోయే వస్తువు. అయితే బోరు నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉండే చోట గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. కొనేముందు అది చూసుకోవాలి, ఏడాదికోసారి కడిగించుకోవాలి. గ్యాస్ గీజర్ పెట్టుకునేవాళ్ళు దాన్ని స్నానాల గది లోపల మాత్రం పెట్టకూడదు. తలుపు బిగించిన చిన్న గదిలో అది కార్బన్ మోనాక్సైడ్ నింపుతుంది. ఆ వాయువుకు వాసన ఉండదు, ప్రాణాలు పోయిన సంఘటనలు దేశంలో చాలా ఉన్నాయి.

ఇవేవీ కుదరని ఇళ్ళున్నాయి, రేపటికీ ఉంటాయి. వాళ్ళు కట్టెల పొయ్యి వాడుతూనే రెండు పనులు చేయవచ్చు. మొదటిది, పుల్లలను ఆరుబయట కాకుండా చూరు కిందో రేకు కిందో పెట్టడం. తడి కట్టెలో వేడి కొంత నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, మంట చల్లబడి పొగ పెరుగుతుంది. బాగా ఎండిన కట్టె పొగ తక్కువ, వేడి ఎక్కువ, కాబట్టి కట్టె కూడా తక్కువే పడుతుంది. రెండోది, అంటించడానికి ప్లాస్టిక్, రబ్బరు వాడకపోవడం. ఎండు కొబ్బరి పీచు, కంది కట్టె, కాగితం ఆ పనికి సరిపోతాయి. పైసా ఖర్చు లేని ఈ ఒక్క మార్పుకే మొదటి స్థానం ఇవ్వాలి. ఎందుకంటే కట్టె పొగ చెడ్డదైనా అది కట్టె పొగే. పీవీసీ ముక్క కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లు వస్తాయి. డయాక్సిన్లు క్యాన్సర్ కారకాలు, శరీరంలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. ఇంకొక సంగతి కూడా ఉంది. ఇప్పటికీ ఆ పొయ్యి బూడిదతోనే బోకులు తోమే ఇళ్ళున్నాయి, మిగిలింది పెరట్లో వంకాయ మొక్కలకు చల్లుతారు. కట్టె బూడిదకు ఆ మర్యాద తగినదే. చెప్పులు, కవర్లు కాలిన బూడిదకు తగదు.

సంగటి కుండ

వంట విషయంలో సర్వేలు చెప్పేదానికీ వంటిళ్ళలో జరిగేదానికీ తేడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 58.6 శాతం ఇళ్ళు వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్నాయి. సర్వే అడిగేది ప్రధానంగా ఏది వాడతారు అని. టీ, కూర, తాలింపు గ్యాస్ మీద, సంగటి మాత్రం కట్టెల మీద చేసే ఇల్లు ఆ లెక్కలో గ్యాస్ ఇల్లుగానే నమోదవుతుంది.

సంగటికి కట్టెల పొయ్యి ఎందుకో వండినవాళ్ళకు తెలుసు. బియ్యం మెత్తగా ఉడికి, రాగిపిండి పైన పోసి, మగ్గనిచ్చి, చివర తెడ్డుతో బలంగా గెలకాలి. పదిమందికి సరిపడే కుండను స్టవ్ మీద పెట్టి అంత బలం పెడితే స్టవ్ కదిలిపోతుంది. మంట కూడా చాలాసేపు కావాలి. ఇక్కడ ఉపాయం చిన్నదే. బియ్యాన్ని అరగంట ముందు నానబెట్టి, కుక్కర్‌లో మామూలు కంటే ఎక్కువ నీళ్ళతో మెత్తగా ఉడికించి, ఆ తర్వాత పిండి వేసి సన్నని సెగ మీద మగ్గనిచ్చి, కిందికి దించి నేల మీద పెట్టి గెలకడం. కుండలో వచ్చే రుచి రాదనే మాట వినిపిస్తుంది, అది కొంత నిజమే. రోజూ కుక్కర్, పండగకో చుట్టాలు వచ్చినప్పుడో కుండ అని పెట్టుకున్నా పొయ్యి ముందు గడిపే గంటలు చాలా తగ్గుతాయి. కందిపప్పు, అలసందలు, ఉలవలు నానబెట్టి కుక్కర్‌లో వేయడం కూడా ఇలాంటిదే. మంట తగ్గితే ఖర్చూ తగ్గుతుంది.

గ్యాస్ మీద వండినా వంటింటి గాలి దానంతట అదే శుభ్రంగా ఉండదు. మిరపకాయ బజ్జీలు వేసేటప్పుడు నూనె పొగలు కక్కితే ఆ పొగలోనూ సన్నని కణాలే ఉంటాయి. మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. కిటికీ తెరిచి, ఎదురుగా తలుపు కూడా తీసి ఉంచితే గాలి తోసుకుపోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే వంట మొదలవక ముందే వేసి, అయ్యాక ఇంకో పది నిమిషాలు తిరగనివ్వాలి. గాలిదుమారం లేచే ఆషాఢం మధ్యాహ్నాల్లో కిటికీలన్నీ మూసుకోవడం మామూలే, వంట చేసేటప్పుడు కనీసం గాలి వాలు వైపు కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి.

దోమల చుట్ట, సాంబ్రాణి

ఇంటి లోపల కావాలని పెట్టుకునే పొగల్లో దోమల చుట్టది మొదటి స్థానం. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5 మొత్తం 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. సిగరెట్ తాగేవాణ్ణి బయటికి పొమ్మనే ఇంట్లోనే, పసిపిల్ల మంచం కింద రాత్రంతా చుట్ట కాలుతుంటుంది. తప్పు పట్టడానికి లేదు, డెంగీ భయం అలాంటిది. కానీ ఈ సమస్య మొదలు నీళ్ళ తొట్టి దగ్గర ఉంది. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో డ్రమ్ములు, తొట్లు, బిందెలు నింపి పెట్టుకోక తప్పదు. డెంగీ దోమ గుడ్డు పెట్టేది ఆ మంచి నీటిలోనే. గుడ్డు దోమగా మారడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి తొట్టి పూర్తిగా వంపేసి, అంచులు పీచుతో రుద్ది, ఆరబెట్టి మళ్ళీ నింపాలి. మిగతా రోజులు బట్ట కట్టో మూత పెట్టో ఉంచాలి. ఫ్రిజ్ వెనక ట్రే, ఎయిర్ కూలర్ కూడా మరచిపోకూడదు. దీనితోపాటు కిటికీలకు జాలీ, పడకకు దోమతెర ఉంటే చుట్ట అవసరం చాలా రాత్రులు పడదు. తొట్టి మీద మూత గాలిని బాగు చేసే వస్తువు అని ఎవరూ అనుకోరు, నిజానికి అది అదే.

సాంబ్రాణి, ఊదుబత్తీల సంగతి కొంచెం నెమ్మదిగా మాట్లాడాలి. పూజకు ఒక ఊదుబత్తి వెలిగించినందుకు ఎవరినీ ఏమీ అనక్కర్లేదు, కిటికీ తీసి ఉంటే చాలు. ఆందోళన పడాల్సింది బాలింతల గదుల గురించి. పసిబిడ్డకు స్నానం చేయించి, తలుపులు మూసి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఆ ధూపంలో బిడ్డను ఆరబెట్టడం మన ఇళ్ళలో తరాల నుంచి ఉంది. జలుబు చేయదని, దిష్టి పోతుందని పెద్దల నమ్మకం, అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. కానీ నెల నిండని బిడ్డ నిమిషానికి నలభై నుంచి అరవై సార్ల దాకా ఊపిరి పీలుస్తుంది. ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. మెత్తటి పొడిబట్టతో తుడిచి, వెచ్చటి బట్టలో చుడితే ఆ వెచ్చదనం వచ్చేస్తుంది. అవ్వకు ఈ మాట కోడలు చెబితే గొడవవుతుంది. ఆస్పత్రిలో డాక్టరో నర్సమ్మో, ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తో చెబితే వింటుంది.

కసువు

కసువుకు నిప్పు పెడితే శుభ్రమైపోయింది అనే భావన మన ఊళ్ళలో చాలా లోతుగా ఉంది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, వేపాకు, కాగితాలు, కవర్లు ఒక కుప్ప చేసి అంటించడం కష్టపడి పని ముగించినట్టు ఉంటుంది. కంటికి కుప్ప పోయింది. అందులో ఉన్నదంతా గాలిలోకి పోయింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేపచెట్లు ఆకు రాల్చినప్పుడు ఈ కుప్పలు మరీ పెరుగుతాయి. ఆకులో తడి ఉంటే అది మండదు, రాజుతుంది. భగ్గున మండే మంట కంటే అలా కుములుతూ రాజే నిప్పు ఎన్నో రెట్లు ఎక్కువ పొగ ఇస్తుంది. సాయంత్రం పెట్టిన కుప్ప తెల్లారిందాకా కుములుతూనే ఉంటుంది.

చట్టం దీన్ని ఒప్పుకోదు. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 రూపాయలు జరిమానా అని ఆదేశించింది. జరిమానా వేసిన వీధులు తక్కువ. చెత్తబండి రోజూ ఒకే వేళకు రాని చోట జరిమానా మాట ఎత్తడం కూడా న్యాయం కాదు. కూలికో షాపులో పనికో ఏడింటికే పోయే ఇల్లాలికి తొమ్మిదింటికి వచ్చే బండి ఉన్నా లేనట్టే. ఆమె ముందు మిగిలింది కాలువ, ఖాళీ స్థలం, అగ్గిపుల్ల. బండి వేళను ఆ వీధివాళ్ళ పని వేళలకు సరిపడేలా మార్చమని వార్డు సచివాలయంలో అడగడం, మారేదాకా పక్కింటి వాళ్ళు రెండు బుట్టలు తీసి ఇవ్వడం, ఈ రెండూ గాలికి సంబంధించిన పనులే.

ఒకప్పుడు సీమ ఇళ్ళలో కాల్చడానికి మిగిలేదే తక్కువ. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం కుడితి కుండలో పడి బర్రెకు పోయేవి. పేడ, ఆకు, పొయ్యి బూడిద పెంటదిబ్బలో పడి ఎండాకాలం చేలకు పోయేవి. బర్రె పోయింది, దిబ్బకు చోటు లేదు, వాటి స్థానంలో కవరు వచ్చింది. ఇప్పుడు చేయగలిగింది తడి, పొడి విడగొట్టడం. పొడిలో పాలకవర్లు కడిగి ఆరబెట్టి అట్టలు, సీసాలతో కలిపి పాతసామాన్ల వాళ్ళకు ఇవ్వవచ్చు. తడిని ఇంట్లోనే ఎరువు చేసుకోవచ్చు. ఇక్కడ మాత్రం కోస్తావాళ్ళు చెప్పే పద్ధతి యథాతథంగా పనిచేయదు. 40 డిగ్రీలు దాటే ఎండలో కుండీ ఎండిపోయి సూక్ష్మజీవులు చస్తాయి, మూడు నెలలైనా తొక్కలు తొక్కలుగానే ఉంటాయి. నీడలో పెట్టాలి, మట్టి కుండీ అయితే పైన తడి గోనె కప్పాలి, బియ్యం కడిగిన నీళ్ళు రెండు రోజులకోసారి చల్లాలి. వేపాకు, కానుగాకు కుప్పలకైతే కాంపౌండు మూలలో మోకాలి లోతు గుంత చాలు. ఆకు వేసి, పలచగా మట్టి వేసి, అప్పుడప్పుడు తడపడమే. వానాకాలం వచ్చేసరికి నల్లటి ఆకు ఎరువు తయారవుతుంది.

ఊడ్చే పద్ధతి గురించి ఒక మాట. పొడి పరకతో ఇల్లు, వాకిలి ఊడ్చినప్పుడు నేల మీద ఉన్న దుమ్ములో కొంత మళ్ళీ గాలిలోకి లేస్తుంది. ముందు నీళ్ళు చిలకరించి ఊడ్చే పాత అలవాటు ఆ దుమ్మును అణచడానికే. నీటి ఎద్దడి ఉన్న నెలల్లో బట్టలు ఉతికిన నీళ్ళు ఇందుకు వాడుకోవచ్చు. లోపల తడిగుడ్డతో తుడవడం మేలు, కడప బండ నేలకు అది తేలిక కూడా.

బండి, ఇల్లు కట్టడం

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే ద్విచక్ర వాహనాలన్నీ పొగకు కఠినమైన హద్దు పెట్టే బీఎస్-6 ప్రమాణంవి. పొగను శుద్ధి చేసే పరికరం వాటి సైలెన్సర్‌లో ఉంటుంది, కాకపోతే అది బాగా వేడెక్కితేనే సరిగ్గా పనిచేస్తుంది. ఇంటి నుంచి అరకిలోమీటరు దూరంలో ఉన్న కర్నూలు సి క్యాంపు రైతుబజారుకు బండి వేసుకుని పోయి వచ్చేసరికి అది వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. అంటే మనం నడిచి పోగలిగే దూరాలకే బండి కిలోమీటరుకు ఎక్కువ పొగ వదులుతుంది. ఒకే వేళకు ట్యూషన్‌కు పోయే పక్కింటి పిల్లల్ని ఒకే బండి మీద పంపడం, ఎయిర్ ఫిల్టర్ సీమ దుమ్ముకు త్వరగా మూసుకుపోతుంది కాబట్టి కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే శుభ్రం చేయించడం ఇక్కడ పనికొచ్చే జాగ్రత్తలు.

ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇసుక కుప్పను రోడ్డు మీద పోసి వదిలేస్తే నెల రోజులు వీధి మొత్తం దాన్ని పీలుస్తుంది. టార్పాలిన్ కప్పడం, ఉదయం సాయంత్రం తడపడం పెద్ద ఖర్చు కాదు. గ్రానైటు, టైల్స్ కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్ళు పడేలా పని చేయించాలి. గ్రానైటు పొడిలో సిలికా ఉంటుంది. అది పీల్చి పీల్చి వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు మందు లేదు, కోసే కుర్రాడికి ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. యజమాని చెప్పాలి, మాస్కు కూడా తెచ్చి ఇవ్వాలి.

ఇంట్లో మనీప్లాంట్ పెడితే గాలి శుభ్రమవుతుందనే ప్రచారం మాత్రం నమ్మదగింది కాదు. కిటికీ తెరిస్తే జరిగే పని మొక్కలతో జరగాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి దాకా మొక్కలు కావాలని 2019లో వచ్చిన ఒక సమీక్ష లెక్కగట్టింది. వాకిట్లో కానుగచెట్టు నాటడం వేరు, అది నీడనిస్తుంది, ఆకుల మీద కొంత దుమ్మును ఆపుతుంది.

భోగి

ఏడాదిలో ఒకే ఒక్క తెల్లవారుజామున ఊరంతా కలిసి నిప్పు పెట్టేది భోగి నాడు. జనవరి నడుమ, చలి గట్టిగా ఉన్నప్పుడు, గాలి మూత బిగిసి ఉన్నప్పుడు. పాత సామాను కాల్చాలన్న ఆచారం ఏర్పడిన రోజుల్లో పాత సామాను అంటే విరిగిన నాగలి, చివికిన గంపలు, తాటాకులు, పిడకలు. ఇప్పుడు పాత సామాను అంటే పరుపుల ఫోము, ప్లాస్టిక్ కుర్చీలు, పంక్చర్ షాపు వెనక పడి ఉన్న టైర్లు. టైరు కాలితే గంధకపు పొగ, బెంజీన్, క్యాన్సర్ తెచ్చే మసి కణాలు వస్తాయి. వీధి కుర్రాళ్ళు టైరు ఎందుకు తెస్తారంటే అది చాలాసేపు మండుతుంది, పక్క వీధి మంట కంటే ఎత్తు లేస్తుంది. వద్దని చెప్పే పెద్దవాళ్ళు అదే వీధిలో పది ఇళ్ళ నుంచి ఎండు కట్టె, కంది కట్టె, పిడకలు సేకరించి ముందు రోజు సాయంత్రానికే కుప్ప వేయించి ఉంచితే, టైరు కోసం ఎవరూ పోరు. ఇంటింటికీ ఒక మంట కాకుండా వీధికంతా ఒకే మంట పెడితే పొగ ఇంకా తగ్గుతుంది. టైర్లను మాత్రం ఆ పంక్చర్ షాపు నుంచి పండగకు నాలుగు రోజుల ముందే పాతసామాన్ల వాళ్ళు తీసుకుపోయేలా చూడాలి.